తోడు మాత్ర

సోమవారం. ఈశాన్యపు గాలి, అలలు తక్కువ.

రోజూ జరిగింది జరిగినట్టు రాసి పంపమని ఎగువ కేంద్రం నుంచి మీరు మరీ మరీ చెప్పారు కాబట్టి రాస్తున్నాను. ఈ పొద్దున ఆరో తెప్పలో ఒక ముక్కుపెట్టెకి ఎవరో గారెల దండ వేశారు.

గడప మీద వేలాడుతూ, ఇంటిల్లిపాది ఊపిరినీ వాసన చూసి, ఫ్లూ లేకపోతే ఆకుపచ్చగానూ ఉంటే ఎర్రగానూ వెలగవలసిన యంత్రం అది. గారెల నూనె పీల్చి ఏ రంగూ కాకుండా కూర్చుంది. నేను పీట ఎక్కి, పెట్టె విప్పి, లోపలి జల్లెడ తీసి కడుగుతూ, ఇది దేవుడు కాదమ్మా యంత్రం అని ఆ ఇంటావిడకి నచ్చజెప్పబోయాను. ఆవిడ శ్రద్ధగా విని, పగలూ రాత్రీ మమ్మల్ని కనిపెట్టుకుని ఉంటుంది కదా, దానికి ఒక్క పూట తిండి పెడితే తప్పేంటని అడిగింది. నేను జల్లెడ బిగించి పీట దిగాను. గారెలు మాత్రం బాగున్నాయి.

నేను ఏడుతెప్పలకి వచ్చి ఆరు నెలలు దాటింది. సముద్రం పైకొచ్చి లంకలన్నీ మునిగాక, కదలమని మొండికేసినవాళ్ళు ఏడు పెద్ద తెప్పలు కట్టుకుని, వాటిని మోకులతో ఒకదానికొకటి ముడేసి, ఇళ్ళూ బడీ వంటశాలా అన్నీ వాటి మీదికి ఎక్కించారు. మీరు నాకిచ్చిన ఉద్యోగం పేరు శ్వాస పరిశీలనాధికారి. వీళ్ళు నాకిచ్చిన పేరు తుమ్ములమ్మ. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా ఇందుమతిగారూ అని పిలిస్తే, వెనక ఇంకెవరైనా ఉన్నారా అని తిరిగి చూస్తున్నాను.

నన్ను తెప్ప నుంచి తెప్పకి తిప్పేది గంగరాజు పడవ. అతని భార్య రత్నకుమారికి ఇప్పుడు ఎనిమిదో నెల. పట్నం మనిషివి, నీకు వండుకోవడం ఏం చేతనవుతుంది వదినా అంటూ రోజూ మధ్యాహ్నానికి నా బల్ల మీద క్యారియర్ పెట్టిస్తుంది. ఈరోజు కొర్రమీను పులుసు. ఈ ఏడు తిరుగుతున్న ఫ్లూ గర్భిణుల మీద పగబట్టినట్టుందని మీరు పంపిన హెచ్చరిక తిన్న తర్వాత చదివాను. కాసేపు మనసు పాడైంది. బీరువా నిండా తెల్ల మాత్రలు ఉన్నాయి కదా అని సర్దుకున్నాను.

బుధవారం. గాలి లేదు. ఒకటే ఉక్క.

పోయిన వారం మూడో తెప్పలో కొన్ని పెట్టెలు ఎర్రబడ్డాయి. ఈ రుతువులో అందులో వింతేమీ లేదు. అప్పుడే ఒక్కో ఇంటికీ ఒక్కో పట్టీ తెల్ల మాత్రలు ఇచ్చి వచ్చాను. మాత్ర పడ్డ మర్నాటి నుంచీ పెట్టె లోపలి అంకె దిగాలి. అంకె అంటే ఊపిరిలో ఉన్న వైరస్ మోతాదు. అది దిగలేదు. రెండిళ్ళలో పెరిగింది కూడా.

నాకు ముందు గారెల మీద అనుమానం వచ్చింది. జల్లెడలన్నీ విప్పి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. తర్వాత మీ మీద అనుమానం వచ్చింది. మాత్రలు ఎండలో మాడ్చి పంపారేమోనని నాలుగు పొడి చేసి పరీక్షించాను. మందు నిక్షేపంలా ఉంది. మిమ్మల్ని తిట్టుకుంటూ మొదలుపెట్టిన ఉత్తరాన్ని సగంలో ఆపేశాను.

చివరికి రోగుల మీద అనుమానం వచ్చింది. జ్వరం కాస్త తగ్గగానే మాత్రలు మానేసే జనాన్ని మా పట్నంలో చాలామందిని చూశాను. ఇంటింటికీ వెళ్ళి, పూర్తిగా వాడారా అని అడిగాను. అందరూ నవ్వుతూ పట్టీ తెచ్చి చూపించారు. ఒక్క మాత్ర మిగల్లేదు. ఇంత బుద్ధిమంతులైన రోగులు నాకు జన్మలో తగల్లేదు.

అంత బుద్ధిగా నాతో మాట్లాడనిది ఒక్క తాయారమ్మగారే. ఊరందరికీ వండే వంటశాల ఆవిడ చేతిలో ఉంది. వయసులోనూ మాట చెల్లుబడిలోనూ మూడో తెప్పకి ఆవిడే పెద్ద. నేను కనిపిస్తే, చాపలు అమ్ముకోవడానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూసి, గరిటె తిప్పుకుంటుంది. ఈరోజు కూడా అంతే.

శుక్రవారం. తూర్పు గాలి.

మూడో తెప్ప రోగుల ఊపిరి నమూనాల పరీక్ష ఫలితం వచ్చింది. మందు బాగుంది, పెట్టెలు బాగున్నాయి. మారింది వైరస్.

పడవ మీద తిరిగి వస్తుండగా గంగరాజు ఏమైందని అడిగితే అతని భాషలోనే చెప్పాను. ఫ్లూ వైరస్ మన ఒంట్లో ఒక కణంలో దూరి పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు బయటికొచ్చాక కూడా, రేవులో పడవల్లా కణానికే కట్టేసి ఉంటాయి. మోకు తెంచుకుంటేనే ఇంకో చోటికి పోగలవు. అందుకు వాటి దగ్గర ఒక కత్తెర ఉంటుంది. తెల్ల మాత్ర చేసే పనల్లా ఆ కత్తెర నోట్లో ఇరుక్కోవడం. ఇప్పుడు మూడో తెప్పలో తిరుగుతున్న వైరస్‌కి కత్తెర వంపు మారింది. మాత్ర అందులో ఇరుక్కోవడం లేదు.

"మరి దానికి ఆ కిటుకు ఎవరు నేర్పారండీ?" అన్నాడు గంగరాజు.

ఎవరూ నేర్పరు. లక్షల్లో ఎక్కడో ఒకటి వంకర కత్తెరతో పుడుతుంది. మందు నిండుగా పడితే మిగతావి ఎక్కడివక్కడ ఆగిపోయి, ఈ ఒంటి వంకరదాన్ని మన ఒంట్లోని కాపలావాళ్ళే పట్టేస్తారు. మందు అరకొరగా పడితే కాపలావాళ్ళకి ఊపిరి సలపదు. ఆ సందులో వంకరది దర్జాగా బయటపడి సంసారం పెంచుకుంటుంది. గంగరాజు ఇదంతా విని, అరకొరగా ఎవరు మింగుతారండీ, మావాళ్ళు పట్టీ ఖాళీ చేసేదాకా వదలరు కదా అన్నాడు. నిజమే కదా అని నేనూ తల ఊపాను.

ఇక మిగిలింది నీలం మాత్ర. అది కత్తెర జోలికి పోదు, వైరస్ తన నకళ్ళు రాసుకునే చోటే అడ్డం పడుతుంది. తెల్లదానిలాగే ఇది కూడా కడుపుతో ఉన్నవాళ్ళకి ఇచ్చినా భయం లేదని తేల్చారు. నా బీరువాలో ఒక్క మనిషికి సరిపడా ఒక్క పట్టీ ఉంది. ఇంకా పంపమని అడిగితే, సముద్రం నెమ్మదించాక పడవ బయల్దేరుతుందని మీరు జవాబిచ్చారు. ఆ ఒక్క పట్టీ ఎవరి కోసం దాచాలో నేను అప్పుడే నిర్ణయించేసుకున్నాను. ఇలాంటివి దినచర్యలో రాయకూడదేమో. రాసేశాను.

ఆదివారం. మబ్బు, చిరుగాలి.

ఈరోజు సంతోషమూ దుఃఖమూ ఒక్కసారే జరిగాయి. ముందు సంతోషం రాస్తాను.

పొద్దున్నే తాయారమ్మగారు స్వయంగా నా గడప దగ్గరికి వచ్చింది. వలలు అల్లే దానయ్యకి జ్వరమని నాకు తెలుసు, అతనిది పాత వైరసే కాబట్టి నిన్న నేనే వెళ్ళి తెల్ల మాత్రలు ఇచ్చాను. "రా అమ్మాయ్, దానయ్యకి తోడు కూర్చుందువుగాని" అంది. అంతే. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆరు నెలలుగా ఈ ఊళ్ళో ఏ ఇంటి శుభానికీ ఏ ఇంటి కష్టానికీ నన్ను పిలిచినవాళ్ళు లేరు. పెట్టె తుడవడానికి వెళ్తే మంచినీళ్ళిస్తారు, అక్కడితో సరి. ఈ పిలుపు ఎందుకు వచ్చిందో తెలియదు, అడగలేదు. ట్రంకు పెట్టె అడుగున ఉన్న మంగళగిరి చీర తీసి కట్టుకున్నాను.

దానయ్య మంచం చుట్టూ చాపలు పరిచి ఉన్నాయి. ఇరుగుపొరుగు కూర్చున్నారు. నేను గుమ్మంలోనే అందరికీ ముక్కుగుడ్డలు కట్టించి, కిటికీలన్నీ తెరిపించాను. తుమ్ములమ్మ వచ్చిందిరా అని నవ్వారు, కట్టుకున్నారు. ఇంతలో వంటశాల జేగంట మోగింది. దానయ్య లేచి కూర్చుని ఒక మాత్ర మింగాడు. వెంటనే తాయారమ్మగారు తమలపాకుల పళ్ళెం పట్టుకుని అందరి దగ్గరికీ వచ్చింది. ఒక్కో ఆకు మీద ఒక్కో తెల్ల మాత్ర ఉంది. అందరూ ముక్కుగుడ్డ కాస్త పైకెత్తి, దానయ్య వంక చూస్తూ, ఒక్కసారే మింగారు.

దీన్ని తోడు మాత్ర అంటారట. జ్వరం వచ్చిన మనిషి మందు ఒంటరిగా మింగకూడదు. కావలసినవాళ్ళు పక్కన కూర్చుని తలా ఒకటి మింగాలి. నా ముందుకి ఆకు వచ్చింది. దానయ్య నా వంక ఆప్యాయంగా చూస్తున్నాడు. నన్ను తమ మనిషిని చేసుకుంటున్నారు. అయినా ఆ మాత్ర మింగడానికి నాకు మనసొప్పలేదు.

ఎందుకంటే అవి నేను దానయ్యకి ఇచ్చిన మాత్రలు. పట్టీ నిజంగానే ఖాళీ అవుతోంది. నేను ఇంటింటికీ తిరిగి, పూర్తిగా వాడారా అని అడిగానే గానీ, ఎవరు వాడారని అడగలేదు. రోగికి దక్కేది సగం కూడా కాదు. పక్కన కూర్చుని అప్పటికే జలుబు అంటించుకున్నవాడికి దక్కేది ఒకే ఒక్కటి. వంకర కత్తెరకి ఇంతకన్నా మంచి పుట్టిల్లు ఎక్కడ దొరుకుతుంది?

నా మాత్ర మింగినట్టు నటించి కొంగున ముడేసుకున్నాను. ఇంటికొచ్చి చీర మడతపెడుతూ ఏడ్చాను. ఇది నివేదికలో అవసరం లేదు, అయినా ఉండనివ్వండి.

మంగళవారం. గాలి ఎటుదో తెలియడం లేదు, నా బుర్రలాగే.

తోడు మాత్రలు మానండి అని చెప్పి చూశాను. గంగరాజు తల గోక్కున్నాడు. "అది మానేయమంటే, మనిషికి జ్వరమొస్తే నీ చావు నువ్వు చావు అన్నట్టు ఉంటాదండీ. ఎవరంటారు అలాగ?" అన్నాడు. రోగి పెట్టిన ఆకుని కాదంటే ఆ ఇంటితో మాటలు తెగిపోయినట్టేనట. నాలుగో తెప్ప బడి మాస్టారు నా లెక్కలన్నీ విని, సబబే అని ఒప్పుకుని, సాయంత్రం ఎవరింటికో వెళ్ళి బుద్ధిగా ఒకటి మింగి వచ్చాడు.

అప్పుడు నాకో గొప్ప ఆలోచన తట్టింది. చక్కెర, పిండి కలిపి, అచ్చు తెల్ల మాత్రల్లాంటివే బిళ్ళలు చేశాను. రోగికి అసలువి, తోడువాళ్ళకి ఉత్తుత్తివి. ఎవరి మనసూ నొప్పించనక్కర్లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి ఇంట్లోనే తాయారమ్మగారు బిళ్ళని నాలుక మీద పెట్టుకుని ఆగింది. అందరూ వెళ్ళాక నన్ను వెనక్కి పిలిచింది. కోప్పడితే బాగుండేది. నెమ్మదిగానే అంది.

"ఇది మాత్ర కాదు అమ్మాయ్. మమ్మల్ని పిల్లల్ని చేసి బిళ్ళలు పంచావు. తియ్యగా ఉంటే అది తోడేంటి? పేరంటం అవుద్ది."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమించమని అడిగాను. ఆవిడ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఎరక్కపోయి మొత్తం పాడుచేసుకున్నానని పడవలో గంగరాజుతో అంటే, పోన్లెండి, బిళ్ళలు బాగున్నాయి, మిగిలితే మా ఇంటిదానికి ఇవ్వండి అన్నాడు. నవ్వకుండా ఉండలేకపోయాను.

బుధవారం. వాయవ్యపు గాలి, అలలు ఎక్కువ.

రత్నకుమారి గడప మీద పెట్టె ఎర్రగా వెలుగుతోంది.

పొద్దున తలుపు తీయగానే ఎదురుగా గంగరాజు. తన ఇంటి వైపు వేలు చూపించాడు. పరుగున వెళ్ళి ఊపిరి పరీక్షించాను. వంకర కత్తెరే. రత్నానికి ఒళ్ళు కాలిపోతోంది, దగ్గినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట పట్టుకుంటోంది. అంత జ్వరంలోనూ, నిన్న చేపలు దొరకలేదు వదినా, క్యారియర్ పంపలేకపోయాను, ఏం తిన్నావని అడిగింది.

నీలం పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇందులో ప్రతి మాత్రా నీ ఒక్కదానికే, ఒక్కటి తగ్గినా ఇద్దరి ప్రాణాలకీ నేను హామీ ఇవ్వలేను, ఇంకో పట్టీ ఈ ఊళ్ళో లేదు. రత్నం కిటికీలోంచి బయటికి చూసింది. అప్పటికే చుట్టుపక్కల ఆడవాళ్ళు తలలు దువ్వుకుని, చాపలు చంకన పెట్టుకుని, తోడు కూర్చోవడానికి వస్తున్నారు.

"వాళ్ళందర్నీ గుమ్మంలో నిలబెట్టి నేనొక్కదాన్నే ఎలా మింగుతాను వదినా? నా పిల్లకి రేపు ఎవరు తోడొస్తారు?"

గంగరాజు మీద కోపం వచ్చింది, రత్నం మీద వచ్చింది, ఈ ఊరి మంచితనం మీద పీకల్దాకా వచ్చింది. పట్టీ లాక్కుని, వాళ్ళందర్నీ అక్కడే ఆగమని, వంటశాలకి వెళ్ళాను. తాయారమ్మగారు పెద్ద గుండిగలో పప్పు తిప్పుతోంది. నేను ఏమీ దాచలేదు. కత్తెరలు, మోకులు, దానయ్య పట్టీ, మూడో తెప్ప అంకెలు అన్నీ చెప్పాను. చివర్లో చేతులు జోడించాను.

ఆవిడ గరిటె ఆపలేదు. గుండిగలోకి చూస్తూనే చెప్పింది.

"జ్వరాల ఏడు మా ఆయన్ని ఆ చివర జ్వరమోళ్ళకని మూసేసిన తెప్ప మీద పెట్టారు. ఎవర్నీ పోనిచ్చేవోళ్ళు కాదు. మాత్రేసుకునే వేళకి జేగంట కొట్టేవోళ్ళు. ఆయన అటు మింగేవోడు, నేను పడవలో కూకుని ఇటు మింగేదాన్ని. చెయ్యెత్తి చూపించేదాన్ని. అప్పట్లో మాత్ర విషంలా చేదు. ఆ చేదు నాలిక మీద ఉన్నంతసేపూ ఇద్దరం ఒకచోటే ఉన్నట్టుండేది. ఆయన దక్కలేదనుకో. కానీ ఒంటరిగా పోలేదు."

వినేసరికి నాకు వాదించే ఓపిక పోయింది. ఊరికే, తెలుసుకుందామనే అడిగాను.

"అప్పుడు మీరు మింగింది ఎవరి మాత్రండీ?"

"నాదే. ఇంటింటికీ డబ్బాలకి డబ్బాలు పంచారుగా ఆ ఏడు."

"ఆయనవన్నీ ఆయనే మింగారా?"

గరిటె ఆగింది. పప్పు అడుగంటుతున్న వాసన వచ్చినా ఆవిడ కదల్లేదు. దాని తర్వాతి ఏళ్ళలో మాత్రలు తగ్గాయి, తోడు తగ్గలేదు, రోగి పట్టీలోంచే పంచుకోవడం మొదలైంది. ఇద్దరం అదే ఆలోచిస్తున్నామని నాకు తెలిసింది. కాసేపటికి, నువ్వు వెళ్ళు అంది. ఆ గొంతు విని, పని చెడిందనుకున్నాను. కాళ్ళీడ్చుకుంటూ రత్నం దగ్గరికి వచ్చి, ఏం చేయాలో తెలియక తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. బయట ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. కొంతసేపటికి అవి దూరమైపోయాయి. రత్నం మొహం చిన్నబోయింది, వెళ్ళిపోయారా వదినా అంది.

అప్పుడు జేగంట మోగింది. వేళ కాని వేళ. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

తెప్ప చుట్టూ నీళ్ళ మీద పడవలే పడవలు. మూడో తెప్పవాళ్ళు, ఐదో తెప్పవాళ్ళు, ఆరో తెప్ప గారెలావిడ, బడి మాస్టారు. కంబళి కప్పుకుని దానయ్య వేరే పడవలో ఒక్కడే దూరంగా ఉన్నాడు. అందరి చేతుల్లోనూ స్టీలు గ్లాసులు. మధ్య పడవలో తాయారమ్మగారు, కాళ్ళ దగ్గర బిందె. అందులో నేలవేము కషాయం. నేలవేము రుచి చూడనివాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. మూడు రోజులు పోదు నోట్లోంచి.

ఆవిడ నాకు వినబడేలా గొంతెత్తింది. "అమ్మాయ్, ఆ పిల్ల మాత్రలు ఆ పిల్లకే. మా చేదు మేం తెచ్చుకున్నాం."

రత్నాన్ని కిటికీ దాకా నడిపించి కూర్చోబెట్టాను. నాకూ ఒక గుక్క కషాయం ఇప్పించమంది. కడుపుతో ఉన్నదానివి, నీకు అది పడదు, నీ వంతు మాత్ర, చేదు వాళ్ళ వంతు అని కసిరాను. ఆమె నీలం మాత్ర మింగి చెయ్యెత్తింది. నీళ్ళ మీద గ్లాసులన్నీ ఒక్కసారి లేచాయి. ఆ తర్వాత చూడాలి మొహాలు. గంగరాజు కళ్ళు గట్టిగా మూసుకుని పడవ బల్లని పట్టుకున్నాడు. మాస్టారు నీళ్ళలోకి వంగి నోరు పుక్కిలించబోతే, వెనకనుంచి తాయారమ్మగారు అతని చొక్కా పట్టి లాగింది. రత్నం పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ మళ్ళీ నవ్వింది.

శనివారం. దక్షిణపు గాలి, ఎండ.

అంకె దిగుతోంది. నిన్న కొంచెం, ఈరోజు బాగా. గంగరాజు పొద్దున్నుంచీ పెట్టె కింద పీట వేసుకుని కూర్చున్నాడు, ఎరుపు ఎప్పుడు పోతుందోనని. అలా కింద కూర్చుని ఊపిరి పీలిస్తే అది నీ ఊపిరి లెక్కపెడుతుందయ్యా, అవతలికి పో అని చెప్పినా వినడు. మాత్ర వేళకల్లా పడవలు వస్తూనే ఉన్నాయి. రెండో రోజు మానేస్తారేమో అనుకున్నాను. జనం ఎక్కువయ్యారు.

మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను: మూడో తెప్పలో కొత్తగా ఎర్రబడ్డ ఇళ్ళు లేవు. పక్కన కూర్చునే తోడు పోయి నీటి మీది తోడు వచ్చేసరికి, అంటుకోవడమూ తగ్గింది. ఇది నా ఆలోచన అని రాసుకోవాలని చాలా ఉంది. కాదు. నా ఆలోచన చక్కెర బిళ్ళలు.

మంగళవారం. గాలి మంచిది.

ఆకుపచ్చ.

గంగరాజు పెట్టెకి గారెల దండ వేశాడు. నేను చూడనట్టు పక్కకి తిరిగాను.

గురువారం. ఉత్తరపు గాలి, చలి మొదలైంది.

చాలా రోజులుగా రాయలేదు, తిట్టకండి. రత్నానికి ఆడపిల్ల పుట్టింది. గుండ్రంగా, ఎర్రగా, లోకమంతా తన కోసమే లేచి కూర్చుందన్నంత ధీమాగా ఉంది. పుట్టగానే తుమ్మింది. ఊరంతా నా వంక చూసి నవ్వారు. మీ పడవ కూడా వచ్చింది, నీలం మాత్రలు దింపుకుని బీరువాలో సర్దాను. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా, పట్టీ రోగి దిండు కింద, కషాయం ఇరుగుపొరుగు పొయ్యి మీద. తోడు కూర్చోవడానికి పిలిస్తే కడుపునొప్పి అని తప్పించుకునేవాళ్ళు కూడా బయల్దేరారు. తాయారమ్మగారు వాళ్ళ ఇంటికే వెళ్ళి పోసి వస్తోంది.

ఈ పొద్దున లేచేసరికి ఒళ్ళు నొప్పులు. గడప దాటబోతూ తలెత్తి చూశాను. నా పెట్టె ఎర్రగా ఉంది.

ఎవరికీ చెప్పదలచుకోలేదు. గంగరాజుది పిల్లతల్లి ఉన్న ఇల్లు కాబట్టి, రావద్దని అతనికి చీటీ పంపి, తలుపేసుకున్నాను. మాత్రలు ఉన్నాయి, మింగుతాను, తగ్గుతుంది. నేను చదువుకున్న చదువు ప్రకారం, మందు పనిచేయడానికి రోగి తప్ప ఇంకెవరూ అక్కర్లేదు. పట్నంలో ఇలాగే ఎన్నోసార్లు జ్వరపడి లేచాను. నీలం పట్టీ విప్పి, మంచినీళ్ళు పోసుకుని కూర్చున్నాను.

జేగంట మోగింది.

దుప్పటి చుట్టుకుని కిటికీ తీశాను. ముందు పడవలో తాయారమ్మగారు, పక్కన బిందె. గంగరాజు అప్పుడే మొహం వికారంగా పెట్టి సిద్ధంగా ఉన్నాడు. అన్నిటికన్నా దూరంగా ఉన్న పడవలో రత్నం, ఒళ్ళో మూటలా పిల్ల. పెట్టె ఎర్రగా ఉంటే నీళ్ళ అవతలికి కనబడుతుందని, ఆ పెట్టెలు తగిలించిన నాకే గుర్తులేదు.

"ఎంతసేపు కూకోబెడతావు అమ్మాయ్, కషాయం చల్లారిపోతంది" అంది తాయారమ్మగారు.

నేను మాత్ర మింగి చెయ్యెత్తాను. గ్లాసులు లేచాయి. గంగరాజు మొదలుకొని బడి మాస్టారు దాకా, నా కోసం, ఆ చేదుకి అందరి మొహాలూ చిట్లిపోయాయి.

నీలం మాత్రకి పైన పూత ఉంటుంది, దానికి ఏ రుచీ ఉండదు. అయినా కళ్ళనీళ్ళు ఆగలేదు.